అందరూ పాసైన పాఠం

పాఠాన్ని పరీక్ష చేసేటప్పుడు నేను నోరు తెరవకూడదు. మేము పెట్టుకున్న మొదటి నియమం అది. నేను రాసిన పాఠం చేతబట్టుకుని ఎదురుగా ఒక మనిషి కూర్చుంటుంది. చదువుతుంది, లెక్క చేస్తుంది, ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఒక్క మాట అందిస్తే చాలు, ముందుకు పోతుంది. ఆ మాట అందించకూడదు. రేపు ఆ పాఠం ఎవరింటికో వెళ్తుంది, అక్కడ పక్కన నేనుండను కదా. అందుకని నోరు కుట్టేసుకుని కూర్చుని, ఆమె ఆగిన చోటు గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చి ఆ చోటు మార్చి రాయాలి. మళ్ళీ చదివించాలి. మళ్ళీ మార్చాలి.

నా సంగతి తెలిసినవాళ్ళు ఇది వింటే పడీ పడీ నవ్వుతారు. మదనపల్లెలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వరండాలో నా చెప్పుల చప్పుడు వినిపిస్తే పక్క క్లాసు కూడా సర్దుకుని కూర్చుంటుంది. బోర్డు దగ్గర పిల్ల కాస్త తడబడితే చాక్‌పీస్ లాక్కుని నేనే లెక్క పూర్తి చేసేసే రకాన్ని. అలాంటిదాన్ని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఇంకొకరి తప్పు చూస్తూ కూర్చోమంటే ఎలా ఉంటుంది? పళ్ళు కొరుక్కుంటూ కూర్చునేదాన్ని. ఒకసారి దగ్గు నటించి బయటికి కూడా వెళ్ళిపోయాను.

ఇదంతా ఎందుకు మొదలైందంటే, ఓపెన్ టెన్త్ కట్టే ఆడవాళ్ళ కోసం. చిన్నప్పుడు చదువు మానేసి, పెళ్ళై, పిల్లల్ని పెంచి, ఇప్పుడు పదో తరగతి సర్టిఫికెట్ కావాలని తిరిగేవాళ్ళు మా ప్రాంతంలో చాలామందే ఉన్నారు. వాళ్ళకి పుస్తకాలిస్తారు. లెక్కల పుస్తకం తెరవగానే వాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. అందుకని మేము కొందరు టీచర్లం కలిసి, పక్కన ఎవరూ లేకుండానే చదువుకోగలిగేలా లెక్కల పాఠాలు రాద్దామనుకున్నాం. రాసినవన్నీ ఇంటర్నెట్లో పెట్టేస్తాం. ఎవరైనా తీసుకోవచ్చు, జిరాక్స్ వేసుకోవచ్చు, తమ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు. మమ్మల్ని అడగక్కర్లేదు. భిన్నాలు, శాతాల పాఠం నా వంతుకు వచ్చింది.

ఊరికే ఇచ్చేదాంట్లో ఒక చిక్కుంది. కొనుక్కున్న వస్తువు బాగాలేకపోతే మనుషులు వెనక్కి తెచ్చి ముఖాన కొడతారు. ఊరికే వచ్చినదాన్ని ఎవరూ తిట్టరు, మూలన పడేస్తారు. బాగాలేదన్న సంగతి రాసినవాళ్ళకు ఎప్పటికీ తెలియదు. అందుకే ఈ పరీక్షలు. నాలుగైదు చేతులు మారి, నాలుగైదు సార్లు దిద్దుకున్నాకే బయటికి వదలాలని గట్టిగా అనుకున్నాం.

మొదటి ప్రతిని మా స్కూలు పిల్లలకే ఇచ్చాను. అది ఎందుకూ పనికిరాలేదు. కురబలకోట నుంచి ఆటోలో వచ్చే ఒక పిల్ల ప్రతి అడుగుకూ తలెత్తి నా ముఖం చూసేది. నా కనుబొమ్మ కదిలితే చెరిపేసేది, కదలకపోతే ముందుకు పోయేది. లెక్క పాఠంలో లేదు, నా ముఖంలో ఉంది దానికి. నేను కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను. అయినా ఆ పిల్ల నా వీపు చూసి జవాబు పట్టేసింది. ఆ పిల్ల మీద కోపం రాలేదు గానీ, మన పిల్లల దగ్గర మనకి నిజం దొరకదని అప్పుడే తెలిసిపోయింది.

అలా పుంగనూరు వెళ్ళాను. అక్కడ ఒక టైలరమ్మ ఇంట్లో మధ్యాహ్నం పూట కొందరు ఆడవాళ్ళు ఓపెన్ టెన్త్‌కి కలిసి చదువుకుంటున్నారని మా స్కూల్లో ఒక టీచరు చెప్పింది. ముందు గదిలో కుట్టు మిషను, గోడకు వేలాడే బ్లౌజులు, కింద చాప. టైలరమ్మ ముస్లిం. ఇంట్లో వాళ్ళతో దఖనీ ఉర్దూలో, మాతో తెలుగులో, రెండింట్లోనూ గలగలా మాట్లాడుతుంది. తొమ్మిదో తరగతి దాకా చదువుకుంది, లెక్కలు చురుగ్గా వస్తాయి. నాలాగే ఊరుకోలేని మనిషి. మొదటి రోజే నాకు నచ్చేసింది.

ఆ గుంపులో అసలు అవసరం మాత్రం అంగన్వాడీ ఆయమ్మది. ఊరి చివర అంగన్వాడీ సెంటర్లో ఆయాగా ఎన్నో ఏళ్ళ నుంచి పనిచేస్తోంది. ఇళ్ళకు పోయి పిల్లల్ని తీసుకురావడం, వంట చేయడం, అన్నం పెట్టడం, మూతులు తుడవడం, గిన్నెలు తోమడం. ఆ సెంటర్ టీచరు తొందర్లోనే రిటైర్ కాబోతోంది. అప్పటికి ఆయమ్మ చేతిలో పదో తరగతి ఉంటే ఆ టీచరు పోస్టు ఆమెకే వస్తుందని పైవాళ్ళు చెప్పారు. లేకపోతే కొత్తవాళ్ళని తీసుకుంటారు. మళ్ళీ ఖాళీ వచ్చేసరికి వయసు దాటిపోతుంది. ఉన్నది ఒక్కటే అవకాశం. మిగతా సబ్జెక్టులు ఎలాగో గట్టెక్కింది, లెక్కలొక్కటే మిగిలింది. లెక్కలు వద్దనుకుంటే వేరే సబ్జెక్టు కూడా తీసుకోవచ్చు. కానీ దరఖాస్తు పెట్టిన నెట్ సెంటరువాడు అడక్కుండానే లెక్కలు పెట్టేశాడు. ఆ సంగతి తెలిసేసరికి మార్చుకునే గడువు దాటిపోయింది.

ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. భర్త పోయాక ఒక్కతే కూతుర్ని చదివిస్తోంది. ఒకసారి పాఠం అయ్యాక చెప్పులు వేసుకుంటూ, ఎందుకో తనంతట తానే చెప్పింది. "ఆ కుర్చీలో కూర్చోవల్లని గాదు మేడమ్. పిల్లోళ్ళు నన్ను ఆయా అనకుండా టీచర్ అంటే ఎట్లుంటాదో ఒగ తూరి ఇనల్లని." ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఆ తర్వాత పాఠం దిద్దుతున్నప్పుడల్లా ఈమె దీన్ని చదవగలదా అనే ఆలోచించేదాన్ని.

పుంగనూరులో మొదటి పరీక్షకు ముందు, అందరినీ చాప మీద కూర్చోబెట్టి, ఎక్కడైనా ఎవరైనా చెప్పాల్సిన మాటే చెప్పాను. "ఇది మీకు పరీక్ష కాదమ్మా. నా పాఠానికి పరీక్ష. మీకు అర్థం కాకపోతే తప్పు మీది కాదు, నాది." వాళ్ళు భయం లేకుండా నిజం చెప్పాలని అలా అంటాం. నిజాయితీగానే అన్నాను. అయితే మీకు మార్కులెవరు వేస్తారని టైలరమ్మ అడిగింది. మీరే అన్నాను. అందరం నవ్వుకున్నాం.

ఆ రోజు పాఠం ఘోరంగా తప్పింది. నేను కేకు బొమ్మ వేసి, దాన్ని ముక్కలు చేసి భిన్నాలు చెప్పాను. కేకు కోయడం అంటే పుట్టినరోజు నాడు అందరూ చప్పట్లు కొడుతుంటే కోసేదే గానీ, సమానంగా పంచుకోవడం అని వాళ్ళకి తట్టనే లేదు. శాతాల దగ్గరికి వచ్చేసరికి అందరి పెన్సిళ్ళూ ఆగిపోయాయి. ఆయమ్మ కాగితం దాదాపు తెల్లగానే ఉంది. పైకి నవ్వుతూనే వాళ్ళకి థాంక్స్ చెప్పాను గానీ, నా ముఖం మీద ఏముంటే అది అందరికీ కనబడుతుంది. అంత కష్టపడి రాసింది అలా బోర్లా పడితే ఎవరికి బాధ ఉండదు? బస్టాండు దాకా టైలరమ్మ నాతో నడిచొచ్చింది. మధ్యమధ్యలో నా ముఖం వైపే చూస్తూ నడిచింది.

ఇంటికొచ్చి లెక్కలున్న పేజీలన్నీ తిరగరాశాను. కేకు తీసేసి రొట్టె పెట్టాను. మళ్ళీ అనుమానం వచ్చింది, రొట్టెని ఎవరు కత్తితో కోస్తారు, తుంచుకుంటాం కదా. దాన్నీ తీసేసి బట్టల సబ్బు కడ్డీ పెట్టాను. అంగట్లో పొడుగు కడ్డీని తీగతో సమానంగా ముక్కలు కోసి ఇవ్వడం ఆడవాళ్ళందరూ చూసినదే. శాతాలకి మా టమోటా మార్కెట్ పట్టుకొచ్చాను. వంద పండ్లు ఏరితే ఎన్ని మచ్చవి, ఎన్ని మంచివి అని. కొత్త ప్రతి తయారవగానే టైలరమ్మ ఫోనుకి పంపేదాన్ని. నేను వెళ్ళేసరికి ఆమె జిరాక్సులు తీయించి పెట్టేది. ఆ ఏర్పాటు నాకెంతో సౌకర్యంగా ఉండేది.

రెండోసారి వెళ్తే, ఏం చెప్పమంటారు, నెత్తిన పాలు పోసినట్టయింది. అందరూ చేసేశారు. ఆయమ్మ కూడా. నెమ్మదిగానే అయినా, ఒక్కో అడుగూ వరుసగా రాసుకుంటూ పోయింది. మూడోసారి ఇంకా బాగా. సబ్బు కడ్డీ గెలిచిందని మా టీచర్లందరికీ ఫోన్లు చేసి చెప్పాను. మనుషుల దగ్గర కూర్చుని, చూసి, మార్చి, మళ్ళీ చూస్తే ఎంతటి పాఠమైనా దారికి వస్తుందని స్టాఫ్‌రూమ్‌లో ఉపన్యాసం కూడా ఇచ్చాను. మా హెడ్మాస్టరు టీ తాగుతూ తలాడించాడు. పాఠం మొదటి పేజీ కింద, చదువుకునేవాళ్ళతో పలుమార్లు పరీక్షించి దిద్దినది అని ఒక వాక్యం చేర్చి, ఇంటర్నెట్లో పెట్టేశాం.

కుప్పంలో ఒక మహిళా సంఘంవాళ్ళు దాన్ని దింపుకున్నారు. వాళ్ళ దగ్గరా ఓపెన్ టెన్త్ కట్టే ఆడపిల్లలున్నారు, కొందరు బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. ఒక ఆదివారం వచ్చి చూడమని పిలిచారు. గొప్పగా ఉంటుందనుకుని, పట్టుచీర కాకపోయినా కాస్త మంచి చీరే కట్టుకుని బయల్దేరాను. నిజం చెప్పాలంటే మెచ్చుకుంటారనే వెళ్ళాను.

అక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. ముందుగా ఏమీ చెప్పొద్దని సంఘంవాళ్ళని అడిగి, వెనక కూర్చున్నాను. తెలుగు, తమిళం, కన్నడం కలగలిపి మాట్లాడుకుంటూ వాళ్ళు పాఠం తెరిచారు. కాసేపటికే మాటలు తగ్గాయి. తర్వాత నిట్టూర్పులు. ఒకామె పాఠం కాగితంతోనే విసురుకోవడం మొదలుపెట్టింది. సబ్బు కడ్డీ దగ్గర ఆగినవాళ్ళు ఆగారు, టమోటాల దగ్గర మిగిలినవాళ్ళు ఆగారు. ఒక్కరు కూడా చివరిదాకా పోలేదు. ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల ఒకతి నావైపు తిరిగి, నేనే రాశానని తెలియక, నెమ్మదిగానే అడిగింది.

"ఏం మేడమ్, దీన్ని యాడన్నా ఎవురికన్నా ఇచ్చి సూసినారా, ఊరికే రాసేసినారా?"

చూశామమ్మా అన్నాను. పుంగనూరులో అందరూ చేశారని కూడా అన్నాను. అంటుండగానే నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తూ ఉంటే, బైరెడ్డిపల్లె దాటేసరికి నాకు అర్థమవడం మొదలైంది. పుంగనూరులో రెండోసారి నుంచీ ఒక్కరు కూడా ఎక్కడా ఆగలేదు. ఎంత మంచి పాఠమైనా ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆగుతారు. ఇన్నేళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఆ మాత్రం తెలియదా నాకు? అందరూ ఒకే దారిలో, ఒకే అడుగులు వేస్తూ, ఒకే చోట గీత గీసి జవాబు రాశారు. సంతోషంలో కళ్ళు కనపడలేదు. పలమనేరులో బస్సు మారి, మదనపల్లెకి పోకుండా పుంగనూరులోనే దిగిపోయాను.

టైలరమ్మ మిషను మీద ఉంది. ఆయమ్మ కూడా అక్కడే ఉంది, కూతురి లంగాకి అంచు వేయించుకోవడానికి వచ్చింది. నేను కూర్చోకుండానే అడిగేశాను. నేను రాకముందే పాఠం చదివి చెప్పేస్తున్నావా అని. టైలరమ్మ మిషను ఆపింది. అబద్ధం ఆడలేదు. తప్పు చేసినట్టు తల కూడా దించుకోలేదు. పైగా నేనే ఏదో అడగరానిది అడిగినట్టు చూసింది.

"మీరే సెప్తిరి గదా మేడమ్, పరీక్ష మాకు గాదు, మీకని. మార్కులేసేది మేమే అని. మొదటి తూరి మేము ఏమీ రాయకపోతే మీ మొగం ఎంత సిన్నదయిపాయనో మేమంతా సూస్తిమి. మాకోసరం అంత దూరం నుంచి బస్సెక్కి వచ్చే మనిషిని మేమే ఫెయిల్ చేసేకి మాకు మనసెట్లొస్తాది?"

నేను పంపిన కొత్త ప్రతి ఫోనులో రాగానే ఆమె ముందు తాను చేసుకునేదట. తర్వాత అందరినీ పిలిచి, ఏది ఎక్కడ రాయాలో చెప్పి, చూడకుండా రాసేదాకా వదిలేది కాదట. మేడమ్ ఉద్యోగానికి ఏమైనా అయితే మన వల్లే అవుతుందని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారట. ఆయమ్మ అందరికంటే ఎక్కువ కష్టపడిందని, సెంటర్లో పిల్లలు పడుకున్నాక కూర్చుని ఆ అడుగులన్నీ బట్టీ పట్టిందని టైలరమ్మ గర్వంగా చెప్పింది. దేవుడా, అనుకున్నాను. తన పరీక్షకు చదువుకోవాల్సిన సమయమంతా ఆ మనిషి నా పరీక్ష కోసం ధారపోసింది.

కోపం వచ్చింది. అరిచాను కూడా. నన్ను ఎవరు కాపాడమన్నారు, నా ఉద్యోగానికి వచ్చిన ముప్పేంటి, మీ బాగు కోసం కదా నేను తిరుగుతున్నది అని. అరుస్తూనే, ఇంత మంచి మనుషుల మీద అరుస్తున్నానేంటని నా మీద నాకే ఒళ్ళు మండింది. టైలరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఆయమ్మ లంగా మడత పెట్టుకుంటూ ఒక్క మాట అడిగింది. ఇప్పుడేం చేద్దామని. పరీక్ష దగ్గరికొచ్చేసిందని.

ఇంకేం చేస్తాం, పాఠం పక్కన పడేశాను. ఇంటర్నెట్లో, పలుమార్లు పరీక్షించి దిద్దినదన్న ఆ వాక్యం తీసేయించి, ఇది ఇంకా సరిగ్గా పరీక్ష కాలేదని రాయించాను. అప్పటికే ఎంతమంది జిరాక్సులు తీసుకున్నారో, ఎవరెవరి ఇళ్ళలో ఆ కాగితాలు ఉన్నాయో నాకు తెలియదు. వాళ్ళలో ఎవరైనా, ఇంతమందికి అర్థమైంది నాకే కావడం లేదని తల పట్టుకుని కూర్చుంటే? కుప్పం పిల్లలకైనా ఎదురుగా ఒకరిని అడిగే వీలు దొరికింది.

ఆయమ్మకు మాత్రం సెలవు రోజుల్లో నేనే వెళ్ళి నోటితో చెప్పడం మొదలుపెట్టాను. పరీక్షలో ఏమేం రావచ్చో ఏరి, అవే చేయించాను. అది చదువు చెప్పడం కాదని నాకు తెలుసు, గట్టెక్కించడం. ఆమె వచ్చేసరికి అలిసిపోయి ఉండేది. సెంటర్లో పిల్లల బరువులు తూచే పని, సర్వే పని, వంట, అన్నీ అయ్యాక వచ్చేది. అర్థమైందా అని అడిగితే అయింది అనేది. అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే, బట్టీ పట్టిన పాత అడుగులే రాసేది. నేను గొంతు పెంచేదాన్ని. ఆమె సరే మేడమ్ అనేది. అలా సరే సరే అంటూనే పరీక్షకు వెళ్ళింది.

లెక్కల్లో పోయింది. ఫలితం వచ్చిన రోజు ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. టైలరమ్మ చేసింది, ఏడుస్తూ. తన వల్లే ఇదంతా అయిందని, ఆ పాడు ఫోనులో పాఠం చూడకపోయినా బాగుండేదని. నీ వల్ల కాదులే అన్నాను. ఆ మాటలో సగం నిజం, సగం ఓదార్పు. ఇందులో చెడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళని తిట్టుకుని కడుపు చల్లబరుచుకునేదాన్ని. అలాంటివాళ్ళు ఒక్కరూ లేకపోవడమే నాకు మింగుడుపడలేదు.

మళ్ళీ కట్టి పాసవ్వడానికి వీలుంది గానీ, ఆ లోపల సెంటర్ టీచరు రిటైరయింది. కొత్త టీచరు వచ్చింది. రామసముద్రం వైపు పిల్ల, డిగ్రీ చదివింది, పెళ్ళై పుంగనూరు వచ్చింది. మంచి పిల్లే. ఆయమ్మని అక్కా అని పిలుస్తుంది. ఆయమ్మ కూతురి కంటే వయసులో కాస్త పెద్దదంతే.

నేను చాలా రోజులు పుంగనూరు వైపు వెళ్ళలేకపోయాను. ముఖం చెల్లలేదు. చివరికి పాఠం మళ్ళీ మొదటి నుంచి రాయాలని కూర్చున్నప్పుడు, దేన్ని మార్చాలో తెలియక చేయి ఆడలేదు. కుప్పంలో ఎక్కడెక్కడ ఆగారో తెలుసు. ఎందుకు ఆగారో తెలియదు. పాఠం ప్రింటు పట్టుకుని ఒక మధ్యాహ్నం అంగన్వాడీ సెంటర్‌కి వెళ్ళాను. పిల్లలు అన్నాలు తింటున్నారు. ఆయమ్మ ఒకడి చొక్కా మీద పడ్డ గుడ్డు తుడుస్తోంది. నన్ను చూసి నవ్వుతూ లేచొచ్చి, బయట వేప చెట్టు నీడలో చాప వేసింది.

నేను ఏదో చెప్పబోతుంటే ఆమే నన్ను ఓదార్చడం మొదలుపెట్టింది. ఎవరికి ఏది రాసిపెట్టి ఉంటే అదేనని, కొత్త టీచరు బాగా చూసుకుంటోందని, నేనెందుకు చిక్కిపోయానని. అంగన్వాడీ ఆఫీసులో సూపర్‌వైజరమ్మ అడిగితే కూడా చెప్పిందట. "మేడమ్ బుక్కు శానా బాగుండాది, నా బుర్రలోనే ఏమీ లేదు అంటిని." ఇంత పోగొట్టుకున్నాక కూడా ఆ మనిషి నాకు మార్కులు వేస్తూనే ఉంది.

ఇంక ఊరుకోలేకపోయాను. గట్టిగానే అన్నాను, అరవలేదు గానీ గట్టిగానే. నువ్వు నాకు చేసిన సాయం చాలు, నన్ను మంచిదాన్ని చేయొద్దు, నీ బుర్రకేమీ కాలేదు. ఈ పాఠంలో మొట్టమొదట ఎక్కడ నీకు తెలియకుండా పోయిందో ఒక్కసారి, ఒక్క నిజం చెప్పు అని ప్రింటు ఆమె ఒళ్ళో పెట్టాను. సబ్బు కడ్డీ పేజీ తీస్తుందో, శాతాల పేజీ తీస్తుందో అని చూస్తున్నాను. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్క పేజీ కూడా తిప్పలేదు. మొదటి పేజీలో మొదటి వరుస మీద వేలు పెట్టింది.

"ఈడే మేడమ్. 'మనకు తెలుసు' అని రాసినారు సూడండి, ఒగ వస్తువుని సమానంగా భాగాలు చేస్తే అని. నాకు తెలీదు. అందరికీ తెలిసేదే నాకొక్కదానికే తెలీదని ఎట్ల సెప్పుకునేది అని, మొదటి దినమే ఊరికే ఉండిపోతిని."

ఆ పేజీలో చేయాల్సిన లెక్కలేమీ లేవు. అందుకే ఎన్నిసార్లు దిద్దినా నేను దాని జోలికి పోలేదు. ఏ లెక్కల పుస్తకమైనా అలాగే మొదలవుతుంది. నేను చదువుకున్నవీ అంతే, చెప్పినవీ అంతే. కుప్పం పిల్లలు కూడా ఆ మాట దగ్గరే లోలోపల చేతులెత్తేసి, ఆ తర్వాత ఎక్కడో ఆగినట్టు నాకు కనపడి ఉంటారు. ఇది ముందే చెప్పి ఉంటే అనబోయి, చెప్పనిచ్చిందెవరని ఊరుకున్నాను.

లోపల నుంచి పిల్లల కేకలు వినపడ్డాయి. అక్కా, కంచాలు తీసేస్తావా, పిల్లోళ్ళకి పాట మొదలుపెడతాను అని కొత్త టీచరు పిలిచింది. వస్తాండాను టీచర్ అంటూ ఆయమ్మ కాగితాలు నా చేతికిచ్చి లేచి వెళ్ళింది.